చేతలే మాటలైన చోట

రెండున్నరేళ్ళ క్రితం వరకు మా వీధిలో సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో నడిచేవాళ్ళకు ఒక వింత అలవాటైపోయింది. మా గడపలోంచి ఒక చెప్పు ఎగిరివచ్చి వీధి నడుమ పడేది. వెనకాలే రెండోది. అవి నా చెప్పులు. విసిరేది మా అన్న. నేను పుస్తకం మూసి, వీధిలోకి పోయి, వాటిని ఏరుకొని వచ్చి అన్నను కసిరేవాణ్ణి. మర్నాడు మళ్ళీ అదే తంతు. ఎదురింటి అవ్వ, "ఏమబ్బా, ఈ పొద్దు ఇంకా చెప్పులు రాలేదే!" అని నవ్వేది.

మా అన్నకు ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. మేధోవైకల్యం వుంది. వెనకటివాళ్ళు బుద్ధిమాంద్యం అనేవారు. నోట మాటలు ఇరవైకి మించి రావు. తన పనులు చాలావరకు తానే చేసుకుంటాడు. అమ్మ పూలు కడుతుంటే పక్కన కూర్చుని దారం అందిస్తాడు. కాని ఒక్కొక్కప్పుడు వస్తువులు విసురుతాడు, తన చెంప తానే కొట్టుకుంటాడు, ఎదుటివాళ్ళ చెయ్యి కొరుకుతాడు. అలాంటి మనిషి ఎదురైనప్పుడు మనం ఎలా మెలగాలన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న విషయం. నాకు తెలిసిందంతా మా అన్న దగ్గర తప్పులు చేసి తెలుసుకున్నదే కాబట్టి, ఆ తప్పులతోనే మొదలుపెడతాను.

మొదటి దెబ్బ నాది

మూడేళ్ళ క్రితం బంధువుల పెళ్ళికి ఒక కల్యాణమండపానికి వెళ్ళాం. ఒకవైపు బ్యాండు మేళం, మరోవైపు మైకులో పాటలు, కళ్ళు చెదిరే దీపాలు. మా అన్న ఒక మూల చెవులు మూసుకొని కూర్చున్నాడు. వరసకు మామ అయ్యే ఆయన ఒకరు వచ్చి, ప్రేమగానే, "ఏం అల్లుడూ, నీ పెళ్ళి ఎప్పుడు?" అంటూ ఎడమ బుగ్గ పట్టుకొని గిల్లాడు. చుట్టూ వున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు చూసి ఆయన మళ్ళీ గిల్లాడు. మా అన్న ఆయన చెయ్యి అందుకొని కొరికేశాడు. రక్తం వచ్చింది.

"పిచ్చోణ్ణి పెళ్ళికి ఎందుకు తీసుకొచ్చినారు?" అని ఎవరో అరిచారు. ఇద్దరు ముగ్గురు చెయ్యి చేసుకున్నారు. వాళ్ళందరికంటే ముందు కొట్టింది నేను. ఆ ఎడమ చెంప మీదే కొట్టాను. పదిమందిలో తలవంపులు తెచ్చాడన్న సిగ్గు నా చేత ఆ పని చేయించింది.

ఆ రోజు తరువాత అన్నను బయటికి తీసుకుపోవడం మానేశాం. అమ్మ పూల అంగడికి, నేను కాలేజీకి పోయే వేళల్లో అన్న కాలికి తువ్వాలు చుట్టి మంచం కోడుకు కట్టేవాళ్ళం. ఆ ముడి వేసేవాణ్ణి కూడా నేనే. నేను కాలేజీనుంచి వచ్చి విప్పేవాణ్ణి. విప్పిన కాసేపటికే చెప్పులు వీధిలో పడేవి. "ఎంతకాలమని కట్టి పెడతారు? ఏదైనా ఆశ్రమంలో వదిలేయండి" అని సలహాలు వచ్చాయి. నాలుగు నెలలు గడిచేసరికి అమ్మ ఒక ఆశ్రమం చిరునామా తెప్పించి దేవుడి పటం వెనక దాచింది. దాని సంగతి ఇంట్లో ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు.

సవాలు ఎవరికి?

ఇలాంటి చేష్టలను మనస్తత్వ శాస్త్రం చాలాకాలం ‘ప్రాబ్లం బిహేవియర్’ అని పిలిచింది. అంటే సమస్యాత్మక ప్రవర్తన. ఆ పేరు వినగానే సమస్య అంతా ఆ మనిషిలోనే వుందనిపిస్తుంది. 1980ల నుంచి పాశ్చాత్య దేశాల్లో ‘ఛాలెంజింగ్ బిహేవియర్’ అన్న మాట వాడుకలోకి వచ్చింది. సవాలుగా నిలిచే ప్రవర్తన అన్నమాట. సవాలు ఎవరికి? ఇంట్లోవాళ్ళకు, ఉపాధ్యాయులకు, వైద్యులకు, సంస్థలకు. ఈ మనిషికి ఏం కావాలో కనిపెట్టి, దానికి తగ్గట్టు మన ఏర్పాట్లు మార్చుకోగలమా అన్నదే ఆ సవాలు. పేరు మారితే మనిషి మారిపోడు. ప్రశ్న ఎవరిని అడగాలో అది మారుతుంది.

ఇక్కడ రెండు సంగతులు స్పష్టం చేయాలి. ఒకటి, వైకల్యం వున్నవాళ్ళందరూ ఇలా ప్రవర్తించరు. చాలామంది ఎవరి జోలికీ పోరు. రెండు, మేధోవైకల్యం వేరు, మానసిక వ్యాధి వేరు. మొదటిది చిన్ననాటి నుంచే నేర్చుకునే శక్తి, తన పనులు తాను చేసుకునే శక్తి తక్కువగా వుండడం. రెండోది ఏ వయసులోనైనా, ఎంత చదువుకున్నవారికైనా రావచ్చు, వైద్యంతో నయం కావచ్చు. ఈ రెంటినీ, ఆటిజాన్ని, మూర్ఛవ్యాధిని కలగలిపి ‘పిచ్చి’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం మన సంఘంలో పాత అలవాటు. ఒకే మనిషికి ఇందులో రెండు మూడు వుండవచ్చు. అప్పుడు కూడా దేనికి దానికి వేరు వేరు సాయం కావాలి.

మన తెలుగునాట ఈ విషయంలో చెప్పుకోదగిన పని జరిగింది. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ఇప్పుడది మేధోవైకల్యం గలవారి సాధికారత సంస్థగా పేరు మార్చుకుంది. అక్కడ రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ అనేవారు 1992లో మన దేశపు పిల్లలకు తగినట్టు ఒక కొలమానం తయారుచేశారు. దాని మొదటి భాగం పిల్లవాడికి ఏమేం చేతనవునో చూస్తుంది. రెండో భాగంలో 75 చేష్టలు పది తరగతులుగా వున్నాయి. కొట్టడం, వస్తువులు పగలగొట్టడం, తన్ను తాను గాయపరచుకోవడం, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయడం, ఒకచోట నిలవకపోవడం, భయాలు మొదలైనవి. ఒక్కొక్క దానికి ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా అని 0, 1, 2 మార్కులు. ఇందులో నేను గ్రహించిన నీతి ఏమంటే, ‘మహా మూర్ఖుడు’ అనేది మన తీర్పు. ‘సాయంత్రం అయిదున్నరకు రెండు చెప్పులు విసిరాడు’ అనేది సమాచారం. తీర్పుతో చేయగలిగిందేమీ లేదు. సమాచారంతో చాలా చేయవచ్చు.

మూడు గళ్ళ నోటుబుక్కు

ఆశ్రమానికి ఉత్తరం రాసేముందు ఒకసారి ఎవరినైనా అడుగుదామని, ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన ఒక మేడం దగ్గరికి అమ్మా నేనూ పోయాం. మా గోడంతా విని ఆమె అన్నారు: "నాయనా, ఒక నోటుబుక్కు కొనుక్కో. పేజీకి మూడు గళ్ళు గియ్యి. మొదటి గడిలో, దానికి ముందు ఏం జరిగింది. రెండో గడిలో, ఏం చేసినాడు. మూడో గడిలో, ఆ తర్వాత మీరేం చేసినారు. టైము కూడా వెయ్యి. కోపం వచ్చింది, మొండికేసినాడు అని రాయొద్దు. చూసింది రాయి, అనుకున్నది రాయొద్దు. మూడు వారాలు రాసి తీసుకురా. ఆ మూడు వారాలూ కట్టొద్దు."

కట్టకుండా ఎలా అని అమ్మ భయపడింది. ఎదురింటి అవ్వ పగటిపూట వచ్చి కూర్చుంటానంది. అలా మూడు వారాలు రాశాం.

రెండో వారంలోనే ఒక సంగతి బయటపడింది. అన్న చెంప కొట్టుకోవడానికి ముందు గడిలో నేను వరసగా రాసినవి ఇవి: వేడి కాఫీ తాగాడు. చన్నీళ్ళు పుక్కిలించాడు. కాఫీ. మురుకు కొరికాడు. కాఫీ. కొట్టుకునేది ఎప్పుడూ ఎడమ చెంపే. పంటి డాక్టరు చూస్తే ఎడమవైపు దవడపన్ను పుచ్చి, వేరు దగ్గర చీము పట్టి వుంది. ఎన్ని నెలలుగా వుందో తెలియదు. పన్ను తీసేశాక చెంప కొట్టుకోవడం దాదాపు ఆగిపోయింది. మేమంతా దాన్ని అలవాటు అనుకున్నాం. పెళ్ళిలో మామ గిల్లింది ఆ బుగ్గే. నేను కొట్టిందీ ఆ బుగ్గమీదే. ఈ వాక్యం రాయడం నాకిప్పటికీ కష్టంగానే వుంది.

మాటలు రానివాళ్ళ విషయంలో ఇది మొదటి సూత్రం. కొత్త చేష్ట మొదలైనా, పాతది ఉన్నట్టుండి ఎక్కువైనా ముందు ఒంట్లో ఏముందో చూడాలి. పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం, కడుపులో మంట, ఆడపిల్లలకు నెలసరి నొప్పి, నిద్రలేమి, మూర్ఛ, వాడుతున్న మందులు పడకపోవడం, ఇవన్నీ కోపంలాగానే బయటికి కనిపిస్తాయి. మనకు పన్ను నొప్పి వస్తే నోటితో చెబుతాం. అన్న చేత్తో చెప్పాడు.

ఇక చెప్పుల సంగతి. ఇరవై ఒక్క రోజుల్లో పధ్నాలుగు సాయంత్రాలు విసిరాడు. మిగిలిన ఏడు సాయంత్రాలు ఆ వేళకు నేను ఇంట్లో లేను. పక్కనే అమ్మ చెప్పులున్నా ఎన్నడూ వాటిని ముట్టలేదు. ముందు గడిలో పధ్నాలుగుసార్లూ ఒకటే మాట: ‘నేను చదవడానికి కూర్చున్నాను.’ తరువాత గడిలోనూ ఒకటే మాట: ‘నేను లేచి వీధిలోకి పోయాను. అన్న గడప దాకా వచ్చి నిలబడి చూశాడు.’

మేడం ఆ పేజీలు తిరగేసి, "ముందెప్పుడైనా ఆ టైములో వాణ్ణి యాడికైనా తీసుకుపోతా వుంటివా?" అని అడిగారు. నాకు గుండెలో కలుక్కుమంది. ఇంటరు చదివే రోజుల్లో ప్రతి సాయంత్రం అన్నను రైలు పట్టాల దగ్గరికి తీసుకుపోయేవాణ్ణి. పాకాల వైపు పోయే బండికి చెయ్యి వూపి వచ్చేవాళ్ళం. డిగ్రీలో చేరాక చదువు ఎక్కువైంది, మానేశాను. ఇక పోవడం లేదని అన్నకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

మేడం నవ్వి, "చెప్పు అంటే మన భాషలో రెండర్థాలు కదా నాయనా. వాడు రోజూ చెప్తానే వుండాడు. నువ్వు ఏరుకొని లోపల పెడతా వుండావు" అన్నారు.

నాలుగు కారణాలు

ప్రతి చేష్ట వెనుకా ఒక ప్రయోజనం వుంటుందని ఈ శాస్త్రం చెబుతుంది. స్థూలంగా అవి నాలుగు. కావలసిన వస్తువో పనో దక్కడం. ఇష్టంలేని పనినుంచి, చోటునుంచి తప్పించుకోవడం. ఎవరైనా తనవైపు చూడడం, పలకరించడం. నాలుగోది శరీరానికి సంబంధించినది: నొప్పి తగ్గించుకోవడం, లేదా చెవులు పగిలే శబ్దం, గుచ్చుకునే బట్ట వంటివాటిని తట్టుకోవడం. ఆటిజం వున్నవారిలో చాలామందికి శబ్దం, వెలుతురు, స్పర్శ మనకంటే ఎన్నోరెట్లు ఎక్కువగా తగులుతాయి. ఒక్కొక్క చేష్టకు రెండు కారణాలు కలిసి కూడా వుండవచ్చు.

కారణం తెలియకుండా శిక్ష వేస్తే ఏమవుతుందో చూడండి. తరగతిలో ఇద్దరు పిల్లలు పలక విసిరారనుకుందాం. ఇద్దరినీ బయటికి పంపారు. మొదటివాడు లెక్క రాక విసిరాడు. వాడికి బయటికి పోవడం శిక్ష కాదు, బహుమానం. రేపు లెక్కల పీరియడులో మళ్ళీ విసురుతాడు. రెండోవాడు పంతులు తనవైపు చూడలేదని విసిరాడు. వాడు బయట ఒంటరిగా కూర్చుని, రేపు చూపు తిప్పించుకోవడానికి ఇంకా పెద్ద వస్తువు వెతుకుతాడు. పలక ఒకటే, మందు ఒకటి కాదు.

1985లో అమెరికాలో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ సంగతినే పరీక్షించి చూపారు. తరగతిలో గొడవ చేసే కొందరు పిల్లలు పాఠం కష్టమైనప్పుడు గొడవ చేస్తున్నారా, ఎవరూ పట్టించుకోనప్పుడు చేస్తున్నారా అని ముందు కనిపెట్టారు. పాఠం కష్టమైనవారికి సాయం అడిగే మాట, పలకరింపు కావలసినవారికి మెచ్చుకోలు అడిగే మాట నేర్పారు. గొడవ తగ్గింది. ఒకరికి కావలసిన మాట మరొకరికి నేర్పితే తగ్గలేదు. అంటే నోరు మూయించడం కాదు, సరైన మాట అందివ్వడమే వైద్యం అని తేలింది.

మాట ఇచ్చి, చేష్టను మానమనాలి

మా ఇంట్లో ఏం చేశామంటే, అయిదున్నరకు అన్న చెప్పుల దగ్గరికి పోగానే నేను లేచి చెయ్యి చాపేవాణ్ణి. చెప్పులు నా చేతికిస్తే ఆ క్షణమే బయలుదేరేవాళ్ళం. కొత్త మాట పాత చేష్టకంటే తేలికగా వుండాలి, దానికంటే త్వరగా ఫలితం ఇవ్వాలి. లేకపోతే దాన్ని ఎవరు వాడతారు? మొదటి నెలంతా ఒక్కరోజు కూడా తప్పకుండా ఆ మాట నిలబెట్టుకోమని మేడం గట్టిగా చెప్పారు. మనకు వీలున్నప్పుడే వినే మాటను ఎదుటివాళ్ళు నమ్మరు.

తరువాత క్యాలెండరు మీద రైలు బొమ్మ పెట్టడం మొదలుపెట్టాం. నాకు పరీక్ష వున్న రోజున బొమ్మ వుండదు. ఆ సంగతి పొద్దున్నే చూపించేవాణ్ణి. బొమ్మ లేని మొదటి రోజు అన్న చెప్పులతో బాటు చెంబు కూడా విసిరాడు. మూడు నాలుగు రోజులు ముందుకంటే ఎక్కువే అయింది. ఇది కూడా తెలిసివుండవలసిన విషయం. రోజూ తెరుచుకునే తలుపు ఒకరోజు తెరుచుకోకపోతే మనమైనా ఇంకా గట్టిగానే తడతాం. అక్కడ భయపడి తిరిగి పాత దారి పడితే, గట్టిగా తడితేనే తలుపు తీస్తారని నేర్పినట్టవుతుంది. మేము ఓర్చుకున్నాం. మెల్లగా సర్దుకున్నాడు.

అంతా బాగైపోయిందని చెప్పను. పోయిన సంవత్సరం కూడా బస్సులో తోపులాటలో ఒకతని మణికట్టు కొరికాడు. గౌరవించడమంటే కొరికితే ఊరుకోవడమని అర్థం కాదు. కొరికించుకున్న మనిషి నొప్పి నిజమైనది. ఆయనకు మేము క్షమాపణ చెప్పుకున్నాం, మందు కట్టించాం. ఆ రాత్రి నోటుబుక్కు తీసి మొదటి గడి నింపాం: నిలబడే చోటు లేదు, ముప్పావు గంటగా బస్సు కదలలేదు. ఇప్పుడు రద్దీ బస్సు ఎక్కించం.

ఆ క్షణంలో మనం

మీలో చాలామందికి ఇంట్లో ఇలాంటి మనిషి వుండకపోవచ్చు. బస్సులోనో, హోటల్లోనో, ఆసుపత్రి వరండాలోనో ఎదురవుతారు. అప్పుడు పనికివచ్చే నాలుగు మాటలు రాస్తాను.

మొదట గుంపు చెదరాలి. చూసే కళ్ళు తగ్గితే సగం గొడవ తగ్గుతుంది. గాలి ఆడనివ్వండి, వీలైతే శబ్దం తగ్గించండి. ఫోను జేబులోంచి తీయకండి. ఆ వీడియోలో వుండేది ఒక మనిషి జీవితంలో అతి కష్టమైన అయిదు నిమిషాలు.

ఒక్కరే మాట్లాడండి. గొంతు తగ్గించి, చిన్న మాటలు. "గమ్మునుండు" అని పదిమంది అరిస్తే ఆ అరుపే ఇంకో భయం. ఒకమాట చెప్పాక కాసేపు ఆగండి. ఆ మాట లోపలికి చేరడానికి మనకంటే ఎక్కువ టైము పట్టవచ్చు. వీలైతే రెండు దారులు చూపండి: "ఇక్కడ కూర్చుందామా, బయటికి పోదామా?" ఎంచుకునే వీలుంటే మనిషికి పట్టు దొరుకుతుంది.

చెప్పకుండా తాకకండి. వెనుకనుంచి అసలే పట్టుకోకండి. తల గోడకు కొట్టుకుంటుంటే చేతులు విరిచిపట్టే బదులు మధ్యలో తువ్వాలో, బ్యాగో అడ్డం పెట్టండి. పక్కన పదునైన వస్తువులుంటే తీసేయండి. బోర్లా పడేసి వీపుమీద కూర్చోవడం ఎన్నడూ చేయకూడదు. ఊపిరాడక ప్రాణం పోయే ప్రమాదం వుంది.

వెంట వున్నవాళ్ళను, "నేనేం చెయ్యమంటారు?" అని అడగండి. వాళ్ళకు తెలుసు. ఆ వేళ సలహాలివ్వకండి. మా అమ్మకు అందరికంటే గుర్తున్నది, బస్సులో ఏమీ మాట్లాడకుండా లేచి సీటు ఇచ్చి, చేతిలోని పూలబుట్ట అందుకున్న ఒక కాలేజి అమ్మాయి.

ఇరవై ఆరేళ్ళ మనిషిని పాపాయిని పలకరించినట్టు పలకరించకండి. ఆయన ఎదుటే, ఆయన అక్కడ లేనట్టు, "వీడికి ఏం జబ్బు?" అని అడగకండి. మాటలు రాని మనిషికి మాటలు వినబడవని అనుకోవడం పొరపాటు. గొడవ సద్దుమణిగాక వెంటనే నీతులు చెప్పకండి. మంచినీళ్ళివ్వండి.

తువ్వాలు, గొలుసు, చట్టం

మన పొరుగు రాష్ట్రం తమిళనాడులో, రామనాథపురం జిల్లా ఎర్వాడి అనే చోట 2001 ఆగస్టు 6వ తేదీన ఒక ప్రైవేటు మానసిక శరణాలయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టివున్న రోగులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. ఆ తరువాత 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక వ్యాధి వున్నవారిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని నిషేధించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. మేధోవైకల్యం, ఆటిజం అందులో వున్నాయి. క్రూరమైన, అవమానకరమైన వ్యవహారం నుంచి వీరికి రక్షణ కల్పించాలని ఆ చట్టం ప్రభుత్వాలను ఆదేశిస్తుంది. పదిమంది ఎదుట కావాలని అవమానించినవారికి ఆరు నెలలకు తక్కువ కాకుండా అయిదేళ్ళ వరకు జైలు, జరిమానా వుంది.

నేను మా అన్న కాలికి కట్టిన తువ్వాలుకూ ఎర్వాడి గొలుసుకూ తేడా మెత్తదనంలోనే వుంది. ఇల్లు అంటుకుంటే రెండూ ఒకటే. అయినా కట్టిన తల్లులను చూసి ఛీ అనేముందు ఒక్కమాట ఆలోచించండి. బడి వయసు పిల్లలకు మన రాష్ట్రంలో మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఆ వయసు దాటిన మనిషిని పగలంతా చూసుకునేదెవరు? ఇల్లు గడవాలంటే తల్లి పనికి పోవాలి. మా ఇంట్లో ముడి విప్పించింది చట్టం కాదు. పగటిపూట వచ్చి కూర్చున్న ఎదురింటి అవ్వ.

మన వూళ్ళో, మన కాలేజిలో

తిరుపతికి వైకల్యం కొత్తకాదు. దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రి కాళ్ళూ చేతులూ సరిచేస్తుంది. బధిరుల పాఠశాల వుంది. చేతికర్రను, చెవి యంత్రాన్ని చూసి దారివ్వడం మనకు తెలుసు. కంటికి కనిపించని వైకల్యానికి దారివ్వడం ఇంకా నేర్చుకోవాలి.

నిజానికి ఆ విద్య మనకు కొంత తెలుసు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలు వేసినవాళ్ళు మొహంమీదే బూతులు తిడితే ఎవరమూ చెయ్యెత్తం. తిట్టును తిట్టుగా తీసుకోం. దాని వెనుక ఏముందో తెలుసు గనుక నవ్వుతూ నిలబడతాం. జాతరలో చూపే ఆ ఓర్పును తక్కిన రోజుల్లో, ఒక అరుపు వెనుక ఏముందో తెలియనప్పుడు కూడా చూపగలిగితే చాలు. అన్నట్టు, ఆ జాతర డప్పుల మోత మా అన్నకు పడదు. ఆ వారం చెవులకు దూది పెట్టి ఇంట్లోనే వుంచుతాం. అదీ గౌరవమే.

ఇప్పుడు ఉన్నత విద్యాసంస్థల్లో నూటికి 5 సీట్లకు తక్కువ కాకుండా వైకల్యం వున్నవారికి కేటాయించాలని చట్టం చెబుతోంది. కాబట్టి రేపు మన బెంచీ మీద, మన హాస్టలు గదిలో ఆటిజం వున్న విద్యార్థి వుండవచ్చు. పరీక్ష హాలు మార్చితే కంగారుపడే మిత్రుడు, క్యాంటీను రద్దీలో కేకపెట్టే మిత్రుడు వుండవచ్చు. అతణ్ణి ఆట పట్టించి, ఆ కేకను మళ్ళీ మళ్ళీ వినాలనుకునేవాళ్ళూ వుండవచ్చు. మన విద్యార్థి సంఘం చేయగలిగినవి చాలా చిన్నవి: వార్షికోత్సవం రోజున సౌండు బాక్సులకు దూరంగా ఒక నిశ్శబ్దమైన గది, గది మారినా టైము మారినా ముందురోజే తెలిపే నోటీసు, ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో ఇలాంటి ఇళ్ళకు పోయి తల్లికి ఒక పూట విశ్రాంతి. మన లెక్చరర్లు తలచుకుంటే ఈ విషయం మీద ఒక ఉపన్యాసమైనా పెట్టించగలరు.

దేవుడి పటం వెనక చిరునామా కాగితాన్ని అమ్మ ఎప్పుడు తీసేసిందో నాకు తెలియదు. ఒక పండగకు పటం తుడుస్తుంటే అది లేదు. ఇప్పుడు అయిదున్నరకు అన్న నా చెప్పులు రెండూ తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టి నిలబడతాడు. నేను కదలకపోతే ఒక చెప్పు నా కాలికి తొడగడానికి చూస్తాడు. పాకాల బండి ఒక్కొక్కరోజు ఆలస్యంగా వస్తుంది. అన్న ఎదురుచూస్తాడు, ఎవరినీ ఏమీ అనడు. వస్తుందని తెలుసు కాబట్టి.

విద్యార్థి మిత్రులారా, "వీడు ఎందుకిలా చేస్తున్నాడు?" అని మనమందరం అంటూనే వుంటాం. విసుగుతో అంటే అది తిట్టు. జవాబు కోసం నోటుబుక్కు తెరిచి అడిగితే అదే గౌరవం. మాటల్లో ఒక్క అక్షరం కూడా మార్చనక్కరలేదు.